మైక్రోస్కోపు బల్బు: ఆకారం ఒకటే అయినా వెలుగు ఒకటి కాదు

కఫం నమూనాను స్లైడు మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టిన ల్యాబ్ టెక్నీషియన్ వెతికేది ఒక సన్నని ఎర్రటి గీతను. క్షయ బాక్టీరియా పొడవు సుమారు 2 నుంచి 4 మైక్రోమీటర్లు. మందం అర మైక్రోమీటరుకు మించదు. స్లైడు మీద నూనె చుక్క వేసి 1000 రెట్లు పెద్దది చేసి చూసినా, అది నీలి నేపథ్యం మీద చిన్న ఈనెపుల్లలా మాత్రమే కనిపిస్తుంది. జీల్-నీల్సన్ పద్ధతిలో రంగు వేసిన స్లైడులో 100 ఫీల్డులు చూసినా ఒక్క బాక్టీరియా కూడా కనిపించకపోతేనే నెగెటివ్ అని రాయాలి. ఐపీస్‌లోంచి ఒకసారికి కనిపించే గుండ్రటి మేరనే ఫీల్డు అంటారు. ఆ 100 ఫీల్డుల్లో 1 నుంచి 9 బాక్టీరియాలు కనిపిస్తే ‘స్కాంటీ’ అని, ఎన్ని కనిపించాయో ఆ సంఖ్యతో సహా నమోదు చేయాలి. అంటే ఒక మనిషికి జబ్బు ఉందా, మందులు పనిచేస్తున్నాయా అన్న నిర్ణయం కొన్నిసార్లు నాలుగైదు గీతలు కంటపడటం మీద ఆధారపడి ఉంటుంది.

ఆ గీతలు కంటపడాలంటే మంచి కటకాలు కావాలని అందరికీ తెలుసు. తగినంత వెలుగు కూడా కావాలన్నది మాత్రం తరచూ మరుగున పడుతుంది. మైక్రోస్కోపు ధరలో బల్బు ధర లెక్కలోకి రానంత తక్కువ. అందుకే అది మాడిపోయినప్పుడు దగ్గర్లోని ఎలక్ట్రికల్ షాపులో అలాంటిదే ఒకటి కొని పెట్టేస్తే సరిపోతుందని అనిపిస్తుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న రెండు బల్బులు మైక్రోస్కోపులో పెడితే ఒకేలా వెలగకపోవచ్చు.

అద్దం నుంచి బల్బు దాకా

మొదట్లో మైక్రోస్కోపులకు బల్బులే లేవు. కింద ఉన్న చిన్న అద్దాన్ని కిటికీ వైపు తిప్పి పగటి వెలుగును స్లైడు మీదికి మళ్లించేవారు. చీకటి పడితే నూనె దీపమో గ్యాసు దీపమో పెట్టుకునేవారు. రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న క్షయ బాక్టీరియాను కనుగొన్నట్టు ప్రకటించినప్పుడు గానీ, రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని చూసినప్పుడు గానీ ఇప్పటిలా పీఠంలోనే అమర్చిన విద్యుత్ బల్బు వారికి లేదు.

విద్యుత్ దీపాలతో వెలుగు చేతికందినా కొత్త సమస్య ఎదురైంది. దీపం వెలుగు ఆకాశపు వెలుగులా సమంగా పరుచుకోదు. బల్బులోని ఫిలమెంట్ మెలికలు తిరిగిన తీగ. తీగ ఉన్నచోట కాంతి, మెలికల మధ్య చీకటి. ఆ ఆకారం స్లైడు మీద పడితే ఫీల్డులో చారలు కనిపిస్తాయి. దీనికి 1893లో జర్మనీకి చెందిన ఆగస్ట్ కోలర్ ఒక మార్గం చూపాడు. దీపం ప్రతిబింబాన్ని స్లైడు మీద కాకుండా, దానికి ముందున్న కండెన్సర్ డయాఫ్రం దగ్గర పడేలా కటకాలను అమర్చాడు. అప్పుడు దీపంలోని ప్రతి బిందువు నుంచీ వచ్చే వెలుగు ఫీల్డు మొత్తం మీద పరుచుకుంటుంది. తీగ మెలికలు కంటికి కనిపించవు. నేటి పరిశోధన మైక్రోస్కోపుల్లో వాడేది ఈ ఏర్పాటునే. సాదా మైక్రోస్కోపుల్లో ఈ ఏర్పాటు పూర్తిగా ఉండకపోవచ్చు. వాటిలో దారిలో గరుకు గాజు పలక పెట్టి వెలుగును చెదరగొడతారు.

ఏ ఏర్పాటులోనైనా ఒక షరతు ఉంది. కటకాలను అమర్చినవారు ఫిలమెంట్ ఎక్కడ ఉంటుందని లెక్కవేశారో, అది సరిగ్గా అక్కడే ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా ఫీల్డులో ఒకవైపు వెలుగు, మరోవైపు నీడ పడవచ్చు.

హాలోజన్ బల్బులో జరిగేది

ఆసుపత్రి, కాలేజీ ల్యాబుల్లో చాలాకాలంగా వాడుకలో ఉన్నవి హాలోజన్ బల్బులు. మామూలు ఫిలమెంట్ బల్బులో తీగను ఎంత వేడి చేస్తే వెలుగు అంత ఎక్కువగా, అంత తెల్లగా వస్తుంది. కానీ తీగలోని టంగ్‌స్టన్ ఆ వేడికి కొద్దికొద్దిగా ఆవిరై బల్బు లోపలి గోడకు నల్లటి పూతలా అంటుకుంటుంది. వెలుగు తగ్గిపోతుంది, తీగ సన్నబడి ఎక్కడో ఒకచోట తెగుతుంది.

హాలోజన్ బల్బులో నింపిన వాయువులో కొద్దిగా అయోడిన్ లేదా బ్రోమిన్ సమ్మేళనం కలుపుతారు. ఆవిరైన టంగ్‌స్టన్ వేడి గోడ దగ్గర దానితో కలిసి మళ్లీ వాయువుగా మారుతుంది, గోడకు అంటుకోదు. ఆ వాయువు తీగ దగ్గరకు చేరగానే అక్కడి వేడికి విడిపోయి టంగ్‌స్టన్‌ను మళ్లీ తీగ మీదే వదులుతుంది. ఈ చక్రం సాగాలంటే గోడ సుమారు 250 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉండాలి. అందుకే బల్బును చాలా చిన్నదిగా చేస్తారు. మామూలు గాజు ఆ వేడిని తట్టుకోలేదు కాబట్టి క్వార్ట్జ్ వాడతారు. బల్బును ఎలా పట్టుకోవాలి, ఎంత వోల్టేజి మీద నడపాలి అనే జాగ్రత్తలకు మూలం ఈ రెండు విషయాల్లోనే ఉంది. గోడ వేడిగా ఉండాలి, ఆ గోడ క్వార్ట్జ్‌తో చేసినది.

కొనేముందు సరిచూడాల్సినవి

మొదటిది వోల్టేజి. ల్యాబుల్లో ఎక్కువగా కనిపించే సాధారణ మైక్రోస్కోపుల్లో చాలావాటికి 6 వోల్టుల 20 వాట్ల చిన్న హాలోజన్ బల్బు కావాలి. దాని రెండు పిన్నుల మధ్య దూరం 4 మిల్లీమీటర్లు. అందుకే ఆ అమరికను జీ4 అంటారు. షోకేసుల్లో, అలంకరణ దీపాల్లో వాడే 12 వోల్టుల 20 వాట్ల బల్బుకూ ఇదే జీ4 అమరిక ఉంటుంది. పిన్నులు ఒకటే, సైజు ఒకటే, వాట్లు కూడా ఒకటే. మైక్రోస్కోపు హోల్డరులో చక్కగా ఇమిడిపోతుంది, వెలుగుతుంది కూడా. కానీ ఫిలమెంట్ బల్బు ఇచ్చే కాంతి వోల్టేజికి సుమారు 3.4వ ఘాతంలో మారుతుంది. 12 వోల్టుల బల్బుకు 6 వోల్టులే అందితే వెలుగు సగానికి కాదు, దాదాపు పదో వంతుకు పడిపోతుంది. పైగా అది పసుపును దాటి ఎరుపు వైపు మళ్లిన వెలుగు.

ఇలాంటి మైక్రోస్కోపులో తక్కువ పవరు కటకంతో చూస్తే పెద్దగా తేడా తెలియకపోవచ్చు. 100 రెట్ల ఆబ్జెక్టివ్‌కు మారినప్పుడు అసలు ఇబ్బంది బయటపడుతుంది. సాధారణంగా వాడే కటకాలతో, 10 రెట్ల ఆబ్జెక్టివ్‌తో పోలిస్తే 100 రెట్ల ఆబ్జెక్టివ్‌లో ప్రతిబింబం వెలుగు సుమారు నాలుగో వంతే ఉంటుంది. అసలే తక్కువైన వెలుగు అక్కడ ఇంకా తగ్గుతుంది. ఎర్రబారిన కాంతిలో నీలి నేపథ్యం మసకబారి ఎర్రటి గీతకూ దానికీ మధ్య తేడా పలచబడుతుంది. కళ్లు త్వరగా అలసిపోతాయి. క్షయ స్లైడు చూసేది సరిగ్గా ఈ కటకంతోనే. బల్బు వెలుగుతూనే ఉంది కాబట్టి తప్పు దానిలో ఉందన్న అనుమానం ఎవరికీ రాదు.

దీనికి తిరగేసి జరిగితే, అంటే 12 వోల్టుల మైక్రోస్కోపులో 6 వోల్టుల బల్బు పెట్టి పూర్తి వెలుగు ఇస్తే, అది క్షణాల్లో మాడిపోతుంది. ఆ పొరపాటు వెంటనే తెలిసిపోతుంది గనుక నష్టం ఒక బల్బుతో సరి.

రెండవది వాట్లు. వెలుగు పెరుగుతుందని 20 వాట్ల చోట 30 వాట్ల బల్బు పెట్టడం మంచిది కాదు. 6 వోల్టుల మీద 20 వాట్ల బల్బు తీసుకునే కరెంటు సుమారు 3.3 ఆంపియర్లు. 30 వాట్లకు అది 5 ఆంపియర్లు అవుతుంది. లోపలి ట్రాన్స్‌ఫార్మర్, వైర్లు, హోల్డరు అంత కరెంటుకు తయారుచేసినవి కాకపోవచ్చు. ముందు హోల్డరు కమిలిపోతుంది. పిన్నుల పట్టు వదులై, అక్కడ మరింత వేడి పుట్టి, కొత్త బల్బులు కూడా వరసగా పాడవుతాయి.

మూడవది పిన్నుల దూరం, ఫిలమెంట్ ఆకారం. పెద్ద మైక్రోస్కోపుల్లో వాడే 12 వోల్టుల 50, 100 వాట్ల బల్బులకు పిన్నుల మధ్య దూరం సాధారణంగా 6.35 మిల్లీమీటర్లు. పిన్నులు సరిపోయినంత మాత్రాన పని పూర్తికాదు. మైక్రోస్కోపుల కోసం చేసిన బల్బులో ఫిలమెంట్ దగ్గరదగ్గర చుట్టలతో చిన్న పలకలా ఉండి, పీఠం నుంచి నిర్ణీత ఎత్తులో నిలుస్తుంది. అలంకరణ బల్బులో దాని ఎత్తు, దిశ వేరుగా ఉండవచ్చు. గది వెలిగించడానికి ఆ తేడాతో పనిలేదు. మైక్రోస్కోపులో కటకాల లెక్కంతా దాని మీదే నడుస్తుంది.

వీటన్నిటినీ విడివిడిగా కొలవాల్సిన అవసరం లేకుండా బల్బులకు కోడ్‌లు ఉన్నాయి. ఉదాహరణకు 6 వోల్టుల 20 వాట్ల జీ4 మైక్రోస్కోపు బల్బుకు అంతర్జాతీయంగా వాడే కోడ్ ఈఎస్‌బీ. 12 వోల్టుల 100 వాట్లలో విరివిగా దొరికే రకానికి ఈవీఏ. పాత బల్బు పిన్నుల దగ్గర, మైక్రోస్కోపు అడుగున అతికించిన చీటీ మీద, వాడకం పుస్తకంలో ఈ వివరాలు ఉంటాయి. పాత బల్బును పారేయకుండా షాపుకు తీసుకెళ్లాలన్న సలహా అందుకే. అయితే అంతకుముందు మార్చినవారే తప్పు బల్బు పెట్టి ఉండే అవకాశం కూడా ఉంది. కాబట్టి పాత బల్బు మీది అంకెలను మైక్రోస్కోపు మీది చీటీతో ఒకసారి సరిపోల్చుకోవాలి.

మార్చేటప్పుడు

స్విచ్ ఆపి, ప్లగ్ పూర్తిగా తీసేయాలి. హాలోజన్ బల్బు ఆపిన తర్వాత కూడా చాలాసేపు చేయి కాలేంత వేడిగా ఉంటుంది. పది, పదిహేను నిమిషాలు ఆగడం మేలు. పాత బల్బును నిటారుగా పైకి లాగాలి. పక్కకు వంచితే హోల్డరులోని పట్టు సడలుతుంది. బల్బు నల్లబడిందా, తీగ తెగిందా, ఉబ్బిందా అని చూస్తే కారణం కొంత తెలుస్తుంది. బల్బు బాగానే ఉన్నట్టు కనిపిస్తే ఫ్యూజు, పిన్నులు దిగే హోల్డరు రంధ్రాలు చూడాలి.

కొత్త బల్బును వేళ్లతో నేరుగా తాకకూడదన్న మాట చాలామంది విన్నదే. కారణం మురికి ఒక్కటే కాదు. చెమటలో ఉప్పు ఉంటుంది. గోడ వందల డిగ్రీలు వేడెక్కినప్పుడు ఉప్పులోని సోడియం క్వార్ట్జ్‌తో చర్య జరుపుతుంది. ఆ చోట క్వార్ట్జ్ స్ఫటికాలుగా మారి తెల్లబడుతుంది, బలహీనపడుతుంది. వేలిముద్ర పడినచోటే పగులు మొదలవుతుంది. బల్బు వచ్చిన ప్లాస్టిక్ తొడుగుతోనే పట్టుకుని లోపలికి దించి, ఆ తర్వాత తొడుగు తీసేయాలి. తొడుగు లేకపోతే శుభ్రమైన టిష్యూ కాగితం చాలు. పొరపాటున చేయి తగిలితే ఆల్కహాల్‌తో తుడిచి, ఆరనిచ్చి, ఆపైనే స్విచ్ వేయాలి.

పిన్నులు చివరిదాకా దిగాయా అన్నది ముఖ్యం. సగం దిగిన బల్బు వెలుగుతుంది కానీ ఫిలమెంట్ ఎత్తు మారిపోతుంది. దీన్ని పరీక్షించడానికి తేలికైన మార్గం ఉంది. పీఠం మీద వెలుగు బయటికొచ్చే చోట తెల్లకాగితం ముక్క పెడితే కాంతి వలయం మధ్యలో పడిందో లేదో తెలుస్తుంది. వెలుగు బాగా తగ్గించి, ఐపీస్ తీసి గొట్టంలోకి చూస్తే, లోపలి వృత్తం అంతటా సమంగా వెలగాలి. ఒక పక్క నీడ కనిపిస్తే బల్బును మళ్లీ సరిచేయాలి. కేంద్రానికి తెచ్చే మరలు ఉన్న మైక్రోస్కోపుల్లో వాటిని తిప్పి సర్దుకోవచ్చు.

ఎక్కువకాలం మన్నాలంటే

మైక్రోస్కోపు హాలోజన్ బల్బుల్లో కొన్ని రకాలకు తయారీదారులు చెప్పే ఆయుష్షు 100 గంటలే. రోజుకు ఐదు గంటలు వాడితే ఇరవై రోజులన్న మాట. అయినా చాలా ల్యాబుల్లో అవి నెలల తరబడి మన్నుతాయి. కారణం, ఎప్పుడూ పూర్తి వోల్టేజి మీద నడపకపోవడం. వోల్టేజిని 5 శాతం తగ్గిస్తే వెలుగు సుమారు 16 శాతం తగ్గుతుంది, ఆయుష్షు మాత్రం దాదాపు రెట్టింపవుతుంది. ఇదే లెక్క తిరగేసినా వర్తిస్తుంది. 230 వోల్టులు రావాల్సిన లైనులో 250 వస్తూ ఉంటే, వోల్టేజిని నియంత్రించే సర్క్యూట్ లేని పాత మైక్రోస్కోపును పూర్తి వెలుగులో నడిపితే బల్బు ఆయుష్షు సగానికన్నా తక్కువకు పడిపోతుంది. బల్బులు మరీ తరచుగా పోతున్నచోట బల్బు కంపెనీని తప్పుపట్టే ముందు లైను వోల్టేజిని కొలిపించడం, స్టెబిలైజర్ పెట్టించడం మంచిది.

చల్లగా ఉన్న తీగకు విద్యుత్ నిరోధం వేడిగా ఉన్నప్పటికన్నా ఎన్నో రెట్లు తక్కువ. స్విచ్ వేసిన క్షణంలో ఒక్కసారిగా పెద్ద కరెంటు దూసుకెళ్తుంది. బల్బులు ఎక్కువగా స్విచ్ వేసినప్పుడే పోవడానికి ఇదే కారణం. వెలుగు మీటను కనిష్ఠానికి తెచ్చి స్విచ్ వేసి, నెమ్మదిగా పెంచాలి. ఆపేటప్పుడూ ముందు తగ్గించాలి. రెండు స్లైడుల మధ్య కాసేపు విరామం వస్తే ఆపి వేయడం కన్నా వెలుగు తగ్గించి ఉంచడం నయం. అలాగని గంటలకొద్దీ అతి తక్కువ వెలుగు మీద ఉంచడమూ సరికాదు. గోడ చల్లబడితే టంగ్‌స్టన్ తిరిగి తీగను చేరే చక్రం సరిగా సాగదు. వెలుగుతున్న బల్బులో తీగ మెత్తబడి ఉంటుంది కాబట్టి మైక్రోస్కోపును ఆ సమయంలో జరపకూడదు. బల్బు చల్లారకముందే ప్లాస్టిక్ కవరు కప్పకూడదు.

వెలుగు ఎక్కువైనప్పుడు కండెన్సర్ డయాఫ్రంను మూసేయడం ఎక్కువగా కనిపించే అలవాటు. దానివల్ల వెలుగుతో పాటు సూక్ష్మమైన వివరాలూ పోతాయి. డయాఫ్రం ఉన్నది స్పష్టతను, కాంట్రాస్ట్‌ను సర్దుకోవడానికి. వెలుగును మీటతోనే తగ్గించుకోవాలి. తక్కువ వోల్టేజిలో వచ్చే పసుపు ఛాయను నీలి ఫిల్టర్ సరిచేస్తుంది. అది పగిలిపోయాక మళ్లీ కొనకుండా వదిలేసిన మైక్రోస్కోపుల్లో రంగులు ఎప్పుడూ నిజంగా కనిపించవు.

పాదరసం దీపం, ఎల్‌ఈడీ

ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపుల్లో చాలాకాలం పాదరస ఆవిరి దీపాలు వాడారు. ఆరమిన్ అనే రంగు వేసిన క్షయ బాక్టీరియా నీలి కాంతి పడగానే చీకట్లో మిణుగురులా మెరుస్తుంది. తక్కువ పవరు కటకంతోనే ఎక్కువ మేర చూడవచ్చు గనుక సమయం ఆదా అవుతుంది. అయితే విరివిగా వాడిన 100 వాట్ల పాదరస దీపం ఆయుష్షు సుమారు 200 గంటలు. లోపల ఒత్తిడి చాలా ఎక్కువ. గడువు దాటి వాడితే పేలిపోయి గదిలో పాదరస ఆవిరి వ్యాపించే ప్రమాదం ఉంది. అందుకే గంటలు రాసుకోవడం తప్పనిసరి. ఆపిన వెంటనే మళ్లీ వెలిగించకూడదు. వెలుగుతుండగా పెట్టె తెరిస్తే అతినీలలోహిత కిరణాలు కళ్లకు హాని చేస్తాయి.

ఎల్‌ఈడీలు ఈ చిక్కులను చాలావరకు తీర్చాయి. క్షయ పరీక్షకు పాదరస దీపాల బదులు ఎల్‌ఈడీ ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపులు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో సిఫారసు చేసింది. అవి వేల గంటలు మన్నుతాయి, తక్కువ విద్యుత్తుతో బ్యాటరీ మీద కూడా నడుస్తాయి. కరెంటు కోతలున్న ఊళ్లలో ఇది చిన్న సౌలభ్యం కాదు.

అలాగని పాత హాలోజన్ హోల్డరులో బజారు ఎల్‌ఈడీ గుచ్చేస్తే ఆ లాభాలన్నీ రావు. హోల్డరుకు అందే విద్యుత్తు ఏసీనా, డీసీనా అన్నది ముందు చూడాలి. ఏసీ మీద చౌక ఎల్‌ఈడీ మిణుకుమంటుంది. డీసీలో పిన్నులు తారుమారైతే కొన్ని రకాలు వెలగవు. గుండ్రంగా చుట్టూ చిన్న చిన్న ఎల్‌ఈడీలు అతికించిన రకాల్లో వెలుగు పుట్టే చోటు ఒక్కటిగా ఉండదు. దాంతో కటకాల లెక్క మళ్లీ తప్పుతుంది. మైక్రోస్కోపు తయారీదారు ఇచ్చే ఎల్‌ఈడీ యూనిట్ ఉంటే దాన్నే పెట్టించుకోవాలి. లేకపోతే సరైన హాలోజన్ బల్బే మేలు.

క్షయ నిర్ధారణలో ఇప్పుడు బాక్టీరియా జన్యు పదార్థాన్ని పట్టుకునే పరీక్షలకు ప్రాధాన్యం పెరిగింది. అయినా మైక్రోస్కోపు పక్కకు పోలేదు. మలేరియాకు, రక్తకణాల పరీక్షకు, మూత్రపరీక్షకు, కాలేజీలో తొలి పాఠానికి నేటికీ దాని వెలుగే ఆధారం. మైక్రోస్కోపు పక్కన వోల్టులు, వాట్లు, కోడ్ రాసిన చీటీ ఒకటి అతికించి, డ్రాయరులో సరైన బల్బులు రెండు అదనంగా ఉంచితే, శనివారం సాయంత్రం బల్బు పోయినప్పుడు షోకేసు బల్బు కోసం ఎవరూ పరుగెత్తనక్కరలేదు. సోమవారం ఉదయం వచ్చిన మొదటి స్లైడులో ఉన్న నాలుగు గీతలూ కనిపిస్తాయి.